పాప ఎన్నిసార్లు తడిపిందని అడిగినవాళ్ళకి

ఈ గురువారంతో మా పాపకి ఆరు నెలలు నిండాయి. మెత్తగా చిదిమిన పప్పన్నంలో నెయ్యి చుక్క వేసి వేలితో నాకిస్తే, సగం బయటికి నెట్టేసి సగం మింగి, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. ఆస్పత్రిలో పట్టిన మొదటి సీసాలు వదిలేస్తే, ఈ ఆరు నెలలూ పాప కడుపులోకి తల్లిపాలూ, డాక్టరు రాసిన చుక్కల మందులూ తప్ప ఇంకేమీ వెళ్ళలేదు. అది బెంగళూరులోని మా మున్నెకొళాల వీధి ఆడవాళ్ళ చలవ. పేర్లు రాయొద్దన్నారు, రాయను. ఒకరినొకరం ఊళ్ళ పేర్లతో పిలుచుకోవడం మనకి ఎలాగూ అలవాటే, ఎవరి గురించి చెప్తున్నానో మీకు తెలిసిపోతుంది.

పాప ఫిబ్రవరి 22న పుట్టింది. 36 వారాలకే కాన్పయింది, బరువు 2 కిలోల 350 గ్రాములు. మొదటి కాన్పు పుట్టింట్లో అని అందరిలాగే నేనూ అనుకున్నాను. మదనపల్లె ఇక్కడికి మూడు గంటల దారే. కానీ నాన్నకి వారానికి మూడు రోజులు డయాలసిస్. అమ్మ ఆయన్ని వదిలి రాలేదు, నేను వెళ్తే ఇద్దరు రోగులతో పాటు బాలింతనీ పసిగుడ్డునీ కూడా చూసుకునే ఓపిక ఆవిడకి లేదు. నానమ్మ కూడా మంచం మీదే ఉంది. అత్తగారు వచ్చి పది రోజులు నా పథ్యం, పాప స్నానం అన్నీ చూసుకుని, ఊళ్ళో మామగారు ఒక్కరే ఉన్నారని వెళ్ళారు.

"పాలు చాలట్లేదేమో" అన్న మాట మొదట విన్నది ఆస్పత్రిలో, రెండో రాత్రి. పాప ఏడుస్తోంది, నాకు ఇంకా ముర్రుపాలే వస్తున్నాయి. నన్ను అడక్కుండానే సీసా కలిపి తెచ్చి పట్టేశారు. మొదటిరోజు బిడ్డ పొట్టలో పట్టేదే చెంచాడో చెంచాన్నరో అనీ, ఆ కాస్త ముర్రుపాలు దానికి సరిపోతాయనీ ఎవరైనా చెప్పి ఉంటే నేను ఆ రాత్రంతా ఏడ్చేదాన్ని కాదు. నాలుగో రోజు కామెర్లు ఎక్కువయ్యాయని నీలం లైటు కింద పెట్టారు. రెండు రోజులకి ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక పాప రెండు నిమిషాలు కుడిచి నిద్రలోకి జారిపోయేది. నా చనుమొనలు పగిలి నెత్తురు వచ్చేది. ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ ఒకటే మాట: పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు మొదలెట్టు. ప్రేమతోనే అన్నారు. కానీ విన్న ప్రతిసారీ నా ఒంట్లో ఏదో లోపం ఉందనిపించేది.

ఏడో రోజు సాయంత్రం మూడో అంతస్తు ఒంగోలు అక్క తెలగపిండి, మునగాకు కూర పట్టుకుని వచ్చింది. మెట్ల మీద నవ్వుకోవడం తప్ప అంతకుముందు మా ఇద్దరికీ మాటలు లేవు. పాపని చూసింది, నన్ను చూసింది. "పాలు చాలుతున్నాయా?" అని అడుగుతుందనే నేను కళ్ళు దించుకున్నాను. అక్క అడిగింది వేరే. "పొద్దున్నించి ఎన్నిసార్లు తడిపింది?"

నాకు తెలీదు. డైపర్ వేసి ఉంచడం వల్ల లెక్కే లేదు. అక్క డైపర్ తీసేసి పాత కాటన్ చీర చింపి లంగోటాలు కట్టింది. గోడ మీద క్యాలెండరు తీసి నా మంచం పక్కన తగిలించి, దానికి దారంతో పెన్ను కట్టింది. తడిపినప్పుడల్లా ఒక గీత పెట్టమంది. ఐదో రోజు దాటిన బిడ్డ రోజుకి ఆరుసార్లు, ఆ పైన తడుపుతుంటే పాలు అందుతున్నట్టేనట. మర్నాడు సాయంత్రానికి నా క్యాలెండరులో నాలుగు గీతలున్నాయి.

నాలుగంటే తక్కువే. అక్క అది దాచలేదు. కానీ నీకు పాలు లేవు అనలేదు. "పాలున్నాయమ్మాయ్, జాకెట్టు చూడు ఎలా తడిసిందో. పాపకే అందట్లేదు" అంది. ఆ రెండు మాటలకీ మధ్య ఎంత దూరం ఉందో నాలాంటి స్థితిలో ఉన్న తల్లికే తెలుస్తుంది. అక్కడికక్కడే కర్నూలు వదినకి ఫోన్ చేసింది.

వదిన పసిపిల్లల వార్డులో నర్సు. మర్నాడు పొద్దున నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా మా తలుపు కొట్టింది. ముందు పాపని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి ఛాతీ, పొట్ట, అరికాళ్ళ రంగు చూసింది. "నేను నేర్పిస్తాను, కానీ ముందు డాక్టరు దగ్గరికి. నాలుగు గీతలతో ఇంట్లో కూర్చోకూడదు" అని మమ్మల్ని ఆటో ఎక్కించింది. బరువు 2 కిలోల 200. కామెర్లు తగ్గుముఖం పట్టాయన్నారు, రెండు గంటలకోసారి లేపి పాలు పట్టమన్నారు, మూడు రోజుల్లో మళ్ళీ రమ్మన్నారు. నెలలు పూర్తికాకుండా పుట్టిన పిల్లలకి చప్పరించే బలం తక్కువ, నిద్ర ఎక్కువ. తాగేది తగ్గితే విరేచనం తగ్గుతుంది, విరేచనం తగ్గితే కామెర్లకి కారణమయ్యే బిలిరుబిన్ బయటికి పోదు. ఇదంతా ఆటోలో వస్తూ వదినే చెప్పింది. పొద్దుటి ఎండలో పెడితే చాలనుకుని లైటు చికిత్స వద్దనుకునేవాళ్ళ గురించి కూడా చెప్పింది. అలా చేయొద్దని గట్టిగా చెప్పమంది, చెప్తున్నాను.

ఇంటికొచ్చాక నలభై నిమిషాలు నా పక్కనే కూర్చుని పాప ఎలా కుడుస్తోందో చూసింది. నేను పాప మీదికి వంగిపోతున్నాను. వెనక దిండు పెట్టి నన్ను ఆనించి కూర్చోబెట్టింది, పాపని నా దగ్గరికి తేవాలి గానీ నేను వంగకూడదంది. చంకన బిందె పెట్టుకున్నట్టు పాపని నా పక్కగా పట్టుకోమంది, కాళ్ళు నా వీపు వైపుకి, మెడ కింద నా అరచెయ్యి. చిన్నగా పుట్టిన పిల్లలకి ఆ పట్టు బాగా కుదురుతుందట. చనుమొన పాప ముక్కుకి ఎదురుగా ఉంచి పై పెదవికి తాకిస్తే నోరు ఆవలించినంత తెరిచింది. అప్పుడు చటుక్కున దగ్గరికి తీసుకోవాలి, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. పగుళ్ళకి కారణం నా చర్మం కాదు, పాప మొనని మాత్రమే పట్టుకోవడం. చప్పరించడం ఆగితే రొమ్ముని మెల్లగా నొక్కమంది. నిద్రపోతే బట్టలు విప్పి అరికాళ్ళు రుద్దమంది. మొదటిసారి పాప గుటక చప్పుడు వినిపించినప్పుడు వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలీదు.

కుడిచిన తర్వాత మిగిలిన పాలు చేత్తో పిండి, మరిగించి తీసిన ఉగ్గుగిన్నెతో పట్టడం కూడా ఆ రోజే నేర్పింది. ఆ ఉగ్గుగిన్నె చిన్నప్పుడు నాకు పట్టినదే, అమ్మ పంపింది. మా ఆయన చొక్కా విప్పించి, లంగోటా మాత్రమే ఉన్న పాపని ఆయన ఛాతీ మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతట, దాన్నే ఇప్పుడు కంగారూ పద్ధతి అంటున్నారు. మా ఆయన ఆ రోజు నుంచి రోజూ రాత్రి రెండు గంటలు అలాగే కూర్చునేవారు. నేను ఆ రెండు గంటలు పడుకునేదాన్ని.

ఇక నీళ్ళు. మార్చిలో బెంగళూరు ఎలా ఉందో మీకందరికీ గుర్తుంది. మా బోరు ఎండిపోయింది, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినా ధర ఆ రోజు వాళ్ళు చెప్పిందే. అలాంటప్పుడు డైపర్లు మానేసి లంగోటాలు కట్టడమంటే రోజుకి పది పన్నెండు గుడ్డలు ఉతకాలి. నేను మళ్ళీ డైపర్లకి వెళ్దామనుకున్నాను. కింది ఇంటి కన్నడ అజ్జి, అంటే అవ్వ, తన సంపులోంచి రోజూ రెండు బకెట్లు పక్కన పెట్టి ఉంచేది. తన ఇంట్లో ఏడుగురు. తను గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకి పోసుకుంటూ, పసిదాని గుడ్డలకి మాత్రం మంచినీళ్ళు ఇచ్చింది. బకెట్టు కోసం దిగితే ముందు "ఊట మాడమ్మా", భోంచెయ్యమ్మా అని కూర్చోబెట్టి రాగిముద్ద, ఆకుకూర చారు పెట్టకుండా పంపేది కాదు. ఒంగోలు అక్క, నెల్లూరు అమ్మాయి వంతులేసుకుని గుడ్డలు తీసుకెళ్ళి వాళ్ళ బట్టలతో పాటు ఉతికి తెచ్చేవాళ్ళు. మార్చి 7న క్యాలెండరులో ఎనిమిది గీతలు. ఆ రోజే బరువు 2 కిలోల 390. పుట్టినప్పటి బరువు దాటేసింది. ఆ పేజీ చింపలేదు, దాచుకున్నాను.

పెద్దవాళ్ళ మాటల విషయంలో మీరు నాకు చేసిన మేలు ఇంకోటి ఉంది. బొడ్డుకి ఆముదం రాయమన్నవాళ్ళున్నారు, నాలుకకి తేనె నాకించమన్నవాళ్ళున్నారు, వస అరగదీసి పట్టమని మా అమ్మే చెప్పింది. ఏప్రిల్ చివర్లో ఎండ 38 డిగ్రీలు దాటినప్పుడు "గుక్కెడు నీళ్ళయినా పట్టకపోతే పిల్ల ఏమవుతుంది?" అని అడగని మనిషి లేదు. వదిన ఎవర్నీ చిన్నబుచ్చలేదు. అమ్మతో అయితే బొడ్డు ఊడకముందే తనే ఫోన్లో మాట్లాడింది: "పిన్నీ, తల్లిపాలల్లో నూటికి ఎనభై ఏడు వంతులు నీళ్ళే. దాహమేస్తే ఇంకోసారి కుడుస్తుంది. తేనె ఏడాది దాటేదాకా వద్దు, అందులో ఉండే క్రిమి విత్తనాలు పసిపిల్లల పేగుల్లో విషం పుట్టించగలవు. బొడ్డు పొడిగా వదిలేద్దాం, అదే ఊడుతుంది. నువ్వు చెప్పిన కొబ్బరినూనె మర్దనా మాత్రం రోజూ చేయిస్తాను." అమ్మ ఒప్పుకుంది. పన్నెండో రోజు బొడ్డు ఊడింది. సాంబ్రాణి పొగ గదిలో వేయడం కూడా మానేశాం, దాని వాసనంటే నాకు ప్రాణమైనా సరే.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. విజయనగరం అక్కే రాయమంది.

ఐదో వారానికి పాప బాగుంది. నేను బాగాలేను. పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. కారణం లేకుండా ఏడుపు. నేను లేకపోతేనే దీనికి మంచిదేమో అన్న ఆలోచన వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. టీకాల కోసం ఆరోగ్య కేంద్రంలో తాయి కార్డు, అంటే ఇక్కడ తల్లులకిచ్చే ఆరోగ్య కార్డు, పట్టుకుని వరసలో కూర్చున్నప్పుడు విజయనగరం అక్క నా పక్కన ఉంది. పాప గురించి కాకుండా నా గురించి అడిగింది, "పాప పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా?" అని. నేను జవాబు చెప్పలేకపోయాను. తన మొదటి కాన్పు తర్వాత ఎనిమిది నెలలు తనకి ఏమైందో అక్క ఆ బెంచీ మీదే చెప్పింది. ఆ సాయంత్రం తనే 14416కి కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. అది మనసు బాగోనివాళ్ళు ఫోన్లో మాట్లాడటానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కి కూడా తోడొచ్చింది. బాలింతల మనసు బాగోకపోతే తల్లీబిడ్డల్ని విడదీయకుండా చేర్చుకునే వార్డు అక్కడ 2009 నుంచి ఉందని నాకు అప్పుడే తెలిసింది. నాకు చేరాల్సిన అవసరం పడలేదు. పాలిస్తూ వాడగలిగే మందే రాశారు, మాట్లాడటానికి వారం వారం రమ్మన్నారు. ఇప్పుడు బాగున్నాను. అక్కా, ఆ రోజు నువ్వు ఆ ప్రశ్న అడగకపోతే నేను చెప్పేదాన్ని కాదు.

నెల్లూరు అమ్మాయ్, నీ బాబు మా పాప కంటే మూడు వారాలే పెద్ద. రాత్రి మూడింటికి ఎదురింట్లో నీ కిటికీ లైటు వెలగగానే నాకు ధైర్యం వచ్చేది. "ఎక్కిళ్ళు ఆగట్లేదు" అంటే "మావాడికీ అంతే, భుజాన వేసుకో, తగ్గిపోతాయి" అని ఒక్క నిమిషంలో జవాబిచ్చేదానివి. ఒళ్ళు వెచ్చగా ఉందంటే మాత్రం సర్ది చెప్పలేదు. థర్మామీటరు పెట్టించి, 100.4 చూడగానే మీ ఆయన్ని లేపి కారు తీయించావు. రెండు నెలల బిడ్డకి జ్వరమొస్తే తెల్లవారేదాకా ఆగకూడదని నీకు తెలుసు, నాకు తెలీదు.

సోమవారం నుంచి నాకు ఆఫీసు. 26 వారాల సెలవు అయిపోయింది. అత్తగారు వస్తున్నారు, ఫ్రిజ్‌లో పిండిన పాల సీసాల మీద తేదీ, టైము రాసి పెట్టాను. పాప బరువు 6 కిలోల 400. ఒంగోలు అక్కా, నీ మూత డబ్బాలు మూడు నా దగ్గరే ఉన్నాయి, రేపు ఖాళీగా తేను.

కింది ఇంటి అజ్జికి మన మాట అర్థమవుతుంది కానీ తెలుగు చదవడం రాదు. పొద్దున్నే పాపని ఎత్తుకుని కిందికి దిగి, ఇదంతా నేనే చదివి వినిపిస్తాను.