కారు కొన్న తమ్ముడికి దుబాయ్ నుంచి

దుబాయ్, ఆదివారం

తమ్ముడు శేఖర్‌కు,

కొండగట్టు అంజన్న దగ్గర బండికి పూజ చేయించిన ఫొటోలు అవ్వ పంపించింది. బాపు ముందు సీట్లో కూర్చున్న ఫొటోను రూములో అందరికీ చూపించాను. సెకండ్ హ్యాండ్ అయినా బండి బాగుంది. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ దాకా కిరాయిలు తిప్పుతానని, ఎంజీఎం ఆసుపత్రికి పోయే పేషెంట్ల బేరాలు దొరుకుతాయని ఫోన్లో చెప్పావు. ఆ మాట విన్నప్పటి నుంచి నీకు కొన్ని సంగతులు చెప్పాలని మనసులో తిరుగుతోంది. ఇవి వాట్సాప్ కాల్లో చెప్పుకునేవి కావు. కాగితం మీద ఉంటే మళ్లీ చూసుకోవచ్చని రాస్తున్నాను.

నడపడం నీకు నేర్పాల్సిన పని లేదు. కానీ ఏదైనా జరిగాక ఏం చేయాలో మన దగ్గర ఎవరూ చెప్పరు. లైసెన్స్ టెస్టులో ఎనిమిది వేయిస్తారు, రివర్స్ చూస్తారు, పంపిస్తారు. గుద్దిన తర్వాత మొదటి పది నిమిషాల్లో చేసిన పని మాత్రం కోర్టులో, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఏళ్ల తరబడి వెంట వస్తుంది.

మొదటి మాట, ఆగు. తప్పు నీదైనా, ఎదుటివాళ్లదైనా, తాకింది మనిషైనా బర్రె అయినా ఆగు. నాలుగు ఇండికేటర్లూ వేసి, దెబ్బ తగిలినవాళ్ల దగ్గరికి పో. 108కి ఫోన్ చెయ్యి. జగిత్యాల–కరీంనగర్–వరంగల్ రోడ్డు జాతీయ రహదారే, 563. హైవే మీద అయితే 1033కి చేసినా సాయం వస్తుంది. పోలీసులకు 112. దెబ్బ తగిలాక మొదటి గంటను చట్టంలోనే 'గోల్డెన్ అవర్' అన్నారు. ఆ గంటలో వైద్యం అందితే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. 2025 మే నుంచి కేంద్రం ఒక పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా గుర్తించిన ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు పైసలు కట్టించుకోకుండా చికిత్స చేయాలి. ప్రమాదం నిజమేనని పోలీసులు నిర్ధారించాలి కాబట్టి, వాళ్లకు తెలియజేయడం ఆ గాయపడ్డ మనిషికే అవసరం. ఈ సంగతి నువ్వు గుర్తుపెట్టుకో, ఆసుపత్రి కౌంటర్లో నువ్వే అడగాల్సి రావచ్చు.

నీ భయం నాకు తెలుసు. ఆగితే జనం కొడతారని. మన రోడ్ల మీద అది ఉత్త భయం కాదు, నేనూ చూశాను. చట్టం రాసినవాళ్లకూ అది తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షన్ డ్రైవర్ చేయాల్సిన పనులు చెబుతుంది. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలని చెబుతూనే, జనం ఆగ్రహం వల్ల అది కుదరకపోతే తప్పు పట్టదు. ఆ మాట సెక్షన్‌లోనే ఉంది. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత తొందరగా, ఎట్టి పరిస్థితుల్లో 24 గంటల లోపు దగ్గరి స్టేషన్లో చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. కాబట్టి మనుషులు కర్రలు పట్టుకుని వస్తుంటే అక్కడ నిలబడి దెబ్బలు తినమని నేను చెప్పను. 108కి చెప్పు, 112కి చెప్పు, నేరుగా స్టేషన్‌కు పో. గంగాధర ఊరు దాటాక జరిగితే కరీంనగర్ దాకా పోయి, అక్కడి నుంచి ఇంటికి పోయి, రాత్రికి బాపుతో మాట్లాడి, పొద్దున చూద్దాం అనుకోవద్దు. ఫోన్ చేసిన టైము రికార్డులో ఉంటుంది. అదే నీకు సాక్ష్యం.

కొత్త చట్టం సంగతి కూడా చెబుతాను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా శిక్ష. చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా అనే రెండో భాగం కూడా రాశారు. 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మె గుర్తుందా, పెట్రోల్ బంకుల దగ్గర లైన్లు కట్టారు? దాని మీదే ఆ గొడవ. ఆ భాగాన్ని ప్రభుత్వం అమల్లోకి తేకుండా పక్కన పెట్టింది. అది లేకపోయినా పారిపోయినవాడి కేసు ఎలాగూ బరువెక్కుతుంది.

ఇక్కడ నాకు బాగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. మన ఊళ్ల దగ్గర యాక్సిడెంట్ అయితే ముందు పెద్దమనుషులు వస్తారు. నడిపినవాడికి లైసెన్స్ లేకపోతే, తాగి ఉంటే, లైసెన్స్ ఉన్న ఇంకొకడిని డ్రైవర్‌గా నిలబెడతారు. తర్వాత రాజీ అంటారు. చనిపోయినవాళ్ల ఇంటికి ఇంత అని తేల్చి తెల్లకాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. ప్రాణం పోయిన కేసు ఇలాంటి కాగితంతో పోదు, అది రాజీకి వీలున్న నేరం కాదు. పైగా నష్టపోయేది ఆ ఇంటివాళ్లే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి కట్టేది, ఉన్న బండి గుద్దితే ప్రాణనష్టానికి, గాయాలకు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఇచ్చే మొత్తానికి పైపరిమితి లేదు. మనిషి వయసు, సంపాదన, మీద ఆధారపడినవాళ్లను చూసి లెక్క కడతారు. సంపాదించే మగమనిషి పోయిన ఇంట్లో ఆడవాళ్లు ఊరి పంచాయితీలో దొరికిన దానికి సంతకం పెట్టి, ప్రమాదం జరిగిన 6 నెలల లోపు ట్రిబ్యునల్‌కు పోవాలన్న గడువు కూడా తెలియక పోగొట్టుకుంటున్నారు. అందుకే నీ బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, నీ పాలసీ నంబరు వాళ్ల చేతిలో పెట్టు. నువ్వు జేబులో నుంచి తీసిచ్చే పదివేల కంటే ఆ నంబరే వాళ్లను ఆదుకుంటుంది. ఆసుపత్రి ఖర్చుకు మనసుకొద్దీ ఇవ్వు, నేనూ పంపుతాను. అది వేరు.

నువ్వు డ్రైవర్‌గా వేరేవాడి పేరు చెప్పడం, వేరేవాడి కోసం నీ పేరు చెప్పడం, రెండూ వద్దు. ఎవరు బతిమాలినా సరే, బాపు చెప్పినా సరే.

ఇక్కడ ఎలా ఉంటుందో చెబుతాను. పోయిన చలికాలం షేక్ జాయెద్ రోడ్డు మీద నేను నడిపే వ్యాన్‌ను వెనక నుంచి ఒక కారు తాకింది. ఎవరికీ దెబ్బల్లేవు. ఇద్దరం బండ్లు పక్కకు తీశాం. చిన్న ప్రమాదం అయ్యాక రోడ్డుకు అడ్డంగా ఉంచితే దానికే జరిమానా పడుతుంది. లైసెన్స్, ముల్కియా అంటే మన ఆర్‌సీ లాంటి కార్డు, రెండూ చూపించుకున్నాం. ఇలాంటి చిన్నవాటికి పోలీసులు రాకుండా దుబాయ్ పోలీస్ యాప్‌లోనే ఫొటోలు పెట్టి రిపోర్ట్ తీసుకోవచ్చు. తప్పున్నవాడికి ఎర్ర కాగితం, లేనివాడికి ఆకుపచ్చ కాగితం. అది లేకుండా గ్యారేజీవాడు బండిని ముట్టుకోడు, ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. ఎవరి గొంతూ లేవలేదు. అరిచినా కాగితం రంగు మారదని అందరికీ తెలుసు.

ఇది మంచి చోటని చెప్పడానికి రాయట్లేదు. ఇక్కడ పొరపాటు జరిగితే చాలా కఠినంగా ఉంటుంది. మనిషి చనిపోతే దియా కింద, అంటే ఆ ఇంటివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం కింద, 2 లక్షల దిర్హమ్‌ల దాకా కట్టాల్సి వస్తుంది. ఎర్ర లైటు దాటితే 1,000 దిర్హమ్‌లు, 12 బ్లాక్ పాయింట్లు, బండి 30 రోజులు లోపల. 24 పాయింట్లు నిండితే లైసెన్స్ తీసుకుంటారు. డ్రైవర్‌గా వచ్చినవాడికి లైసెన్స్ పోతే ఉద్యోగమే పోయినట్టు. ఇక్కడ మన కోరుట్ల, మెట్‌పల్లి పిల్లలు ఇంత జాగ్రత్తగా నడుపుతారు కదా, అదే పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి బెల్ట్ పెట్టుకోకుండా ఫోన్ మాట్లాడుకుంటూ నడుపుతుంటే నాకు బాధేస్తుంది.

ఫొటోల విషయం. బండ్లు కదిలించకముందే తియ్యి. రెండు నంబర్ ప్లేట్లు, దెబ్బ తగిలిన చోట్లు, బ్రేకు వేసిన గుర్తులు, రోడ్డు మీద వడ్లో మక్కలో ఆరబోసి ఉంటే అవి కూడా. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు కల్లమే అవుతుంది, చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి అవి కనబడవు. చూసినవాళ్ల పేరు, ఫోన్ నంబరు అడుగు. వాళ్లు భయపడితే చెప్పు, సాయం చేసినవాళ్లను పోలీసులు బలవంతంగా సాక్షిగా మార్చకూడదని, 2019 సవరణలో 134ఏ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇచ్చిందని. చిన్న దెబ్బ అయితే ఫొటోలయ్యాక బండి పక్కకు తియ్యొచ్చు. మనిషికి గట్టిగా తగిలితే మాత్రం పోలీసులు పంచనామా చేసేదాకా కదిలించకు. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి చూస్తాడు. ఇన్సూరెన్స్‌వాళ్లకు అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకో. నష్టం లెక్కకట్టే వాళ్ల సర్వేయర్ చూడకముందు తెలిసిన మెకానిక్ దగ్గర బంపర్ సరిచేయిస్తే ఆ డబ్బు రాదనుకో.

ఇప్పుడు అన్నిటికంటే తొందర పని. నీ బండికి ప్లేటు తెల్లది. తెల్ల ప్లేటుతో కిరాయిలు తిప్పుతున్నావు. ఊళ్లో అందరూ చేస్తున్నారంటావు, నిజమే. కానీ సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో కిరాయికి తిప్పితే వర్తించదని రాసి ఉంటుంది. రేపు లోపల పేషెంట్ ఉండగా ఏదైనా అయితే కంపెనీ ఆ ఒక్క వాక్యం పట్టుకుంటుంది. మన ఇల్లు, పొలం దాకా వస్తుంది. పసుపు ప్లేటుకు మార్పించు, పర్మిట్, ఫిట్‌నెస్, దానికి తగ్గ ఇన్సూరెన్స్ చేయించు. సీట్లకు మించి ఎక్కించకు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. మన మండలం ఆ రోజును మరిచిపోలేదు. నువ్వూ మరవకు.

ఆర్‌సీ ఇంకా పాతాయన పేరు మీదే ఉందని అవ్వ మాటల్లో అర్థమైంది. కొన్న 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. ఇన్సూరెన్స్‌కు 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే పరిహారం విషయంలో వాళ్లనే ఓనర్‌గా చూస్తారని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. నీ వల్ల ఏదైనా అయితే నీకు నమ్మి బండి అమ్మిన మనిషి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. అది న్యాయం కాదు.

చలాన్లు కూడా చూడు. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్లో బండి నంబరు కొడితే ఫొటోతో సహా వస్తాయి. పాతాయన చేసినవి ఉంటే ఆయనతోనే కట్టించు. ఫొటోలో ఉన్నది నీ బండి కాకపోతే అక్కడే ఫిర్యాదు పెట్టు. 2022లో, 2023 చివర్లో రాయితీ ఇచ్చారు కదా, మళ్లీ ఇస్తారని కుప్ప పెట్టకు. ప్లేటు వంచడం, మాస్కు కట్టడం అస్సలు వద్దు. పోలీసు ఆపితే ఆగి డిజీలాకర్‌లో కాగితాలు చూపించు, మర్యాదగా మాట్లాడు. చలాన్ వేస్తే వేయనీ, చేతికి మాత్రం పైసలు ఇవ్వకు.

మీ వదిన నీ కోసం డాష్ క్యామ్ కొనమంది. వచ్చే నెల మన ఊరికి వచ్చే ఒకతని చేతికిచ్చి పంపుతాను. అద్దం వెనక బిగించుకో. బాపు షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించారో రాయి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ రెండింటి ఫొటోలు ఈ వారంలోనే నాకు పంపు. పేరు మార్పిడికి, పసుపు ప్లేటుకు ఎంతవుతుందో ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని చెప్పు. జీతం పడగానే వేస్తాను. అప్పటిదాకా కిరాయిలు ఆపు.

నీ అన్న,
గంగాధర్