మిషన్ ట్రిప్‌కి వెళ్ళేముందు ఆ ఊరివాళ్ళని అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, మన క్రైస్తవ సంఘాల్లో సేవకీ సువార్తకీ వెళ్ళే మిషన్ ట్రిప్‌ల మాట మొదలవుతుంది. ఒకప్పుడు ఏజెన్సీ దాకానో ఒడిశా అడవుల దాకానో వెళ్ళొచ్చేవాళ్ళు, ఇప్పుడు పాస్‌పోర్టులు తీసుకుని ఆఫ్రికాకీ, ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న పాపువా న్యూ గినీకీ కూడా బయల్దేరుతున్నారు. నేను గుంటూరులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక మెడికల్ టీముతో కలిసి పాపువా న్యూ గినీలోని మొరోబే ప్రావిన్స్ కొండల్లో కొన్ని వారాలు ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ళు అడుగుతున్న ప్రశ్నలు వింటుంటే, కొందరు ఫోన్లలో పెడుతున్న వీడియోలు చూస్తుంటే మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. వెళ్ళొద్దని కాదు, తప్పకుండా వెళ్ళండి. కాకపోతే ఏం కావాలో ఆ ఊరివాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పిన పని చేతనైనవాళ్ళు వెళ్ళండి. నేను చెప్పదలుచుకున్నది అదే.

అందరూ నన్ను మొదట అడిగేది "అక్కడివాళ్ళు యేసు ప్రభువు పేరు విన్నారా?" అని. విన్నారా ఏమిటండీ, ఆ దేశంలో నూటికి 95 మందికి పైగా క్రైస్తవులే! జర్మన్ లూథరన్ మిషనరీ యోహాన్ ఫ్లీర్ల్ ఫిన్ష్‌హాఫెన్ దగ్గర సింబాంగ్‌లో పని మొదలుపెట్టింది 1886లో. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున బాప్తిస్మం తీసుకున్న అక్కడి మనుషులే, పెళ్ళాం బిడ్డల్ని వెంటబెట్టుకుని, భాష కూడా తెలియని కొండజాతుల మధ్యకి నడిచి వెళ్ళి సువార్త చెప్పారు. దేశం మొత్తం మీద 800కి పైగా భాషలున్నాయి, ఒక లోయ దాటితే మాట మారిపోతుంది. అందరినీ కలిపే టోక్ పిసిన్ భాషలో కొత్త నిబంధన 1969లో, బైబిల్ మొత్తం 1989లో అచ్చయ్యాయి. మేమున్న ఊళ్ళో ఒక ముసలమ్మ అట్ట ఊడిపోయిన ఆ బైబిల్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చేత్తో అల్లిన సంచిలో పెట్టుకుని ఆదివారం రెండు కొండలు దిగి గుడికొచ్చేది. అలాంటి చోటికి మనమేదో మొదటిసారి వెలుగు తీసుకెళ్తున్నట్టు బ్యానర్లు కట్టుకుని వెళ్ళడం నాకేమీ బాగా అనిపించలేదు.

ప్రయాణం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడి కష్టం సగం అందులోనే ఉంది. సింగపూర్ మీదుగా పోర్ట్ మోర్స్‌బీ చేరుకున్నాం. ఆ రాజధాని నుంచి దేశంలో రెండో పెద్ద నగరమైన లే దాకా రోడ్డు లేదు, విమానమో ఓడో ఎక్కాల్సిందే. లే నుంచి కొండల్లోకి చిన్న విమానం. మనిషినీ బ్యాగునీ కలిపి తూకం వేస్తారు, మందుల పెట్టె తీసుకెళ్ళాలా మన బట్టలు తీసుకెళ్ళాలా అన్నది ఆ కాటా దగ్గరే తేలిపోతుంది. ఎయిర్‌స్ట్రిప్ అంటే కొండవాలు మీద గడ్డి కోసి చదును చేసిన నేల, అంతే. ఎగువకి దిగుతుంది, దిగువకి లేస్తుంది. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బు లోయని మూసేస్తుంది కాబట్టి ఏదైనా పొద్దున్నే జరగాలి. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ వాళ్ళు 1951 నుంచి ఆ దేశంలో ఇలా విమానాలు నడుపుతున్నారు. మమ్మల్ని దింపిన విమానం తిరిగి వెళ్ళేటప్పుడు కాఫీ గింజల బస్తాలు ఎక్కించుకుంది. ఆ ఊరివాళ్ళకి చేతిలో డబ్బు ఆడేది కాఫీ వల్లే, విమానం రాకపోతే పంట గుడిసెలోనే ముక్కిపోతుంది.

వెదురు తడికల గోడలు, గడ్డి కప్పు, మధ్యలో పొయ్యి, ఇల్లంటే అది. పొగ కళ్ళలో పడి మొదట్లో నీళ్ళు కారాయి గానీ రాత్రి చలికి ఆ పొయ్యే దిక్కు. పొద్దున చిలగడదుంప, రాత్రి చిలగడదుంప, మధ్యలో చేమదుంప, ఏవో ఆకుకూరలు. మేము వచ్చిన సందర్భంగా గొయ్యి తవ్వి, కాల్చిన రాళ్ళు పేర్చి, అరిటాకుల మధ్య దుంపలూ పంది మాంసం పెట్టి మట్టి కప్పేసి ఉడికించారు. ఊరంతా ఆ రోజంతా దాని చుట్టూనే. పిల్లల్ని సంచిలో పడుకోబెట్టి ఆ సంచి పట్టీని నుదుటికి తగిలించుకుని, పైన కట్టెల మోపు కూడా పెట్టుకుని ఆడవాళ్ళు జారుడు దారిలో గబగబా నడిచిపోతుంటారు, చేతికర్ర పట్టుకుని కూడా నేను వాళ్ళని అందుకోలేకపోయేదాన్ని. గుళ్ళో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు, మన పల్లెల్లో లాగే. కానుకల సమయానికి చిల్లర ఉన్నవాళ్ళు చిల్లర, లేనివాళ్ళు దుంపలు, వేరుశనక్కాయలు తెచ్చి ముందర పెడతారు. ఆరాధన అయ్యాక అందరూ వరసగా నిలబడి ప్రతి ఒక్కరితో చెయ్యి కలిపితే గానీ ఇళ్ళకి వెళ్ళరు.

ఆ దేశంలో పల్లె వైద్యంలో సగం దాకా చర్చిలే చూసుకుంటాయి. మేమున్న హెల్త్ సెంటర్ కూడా అలాంటిదే, ఒక హెల్త్ వర్కరు, ఆయన భార్య, అంతే. ఒక తెల్లవారుజామున రెండు కర్రలకి దుప్పటి కట్టి ఒక గర్భిణిని మోసుకొచ్చారు. మన అల్లూరి జిల్లా డోలీయే అనుకోండి, తేడా ఏమీ లేదు, మోసేవాళ్ళ భుజాల మీద కర్ర ఒరుసుకున్న గుర్తులు కూడా అవే. ముందు రోజు మధ్యాహ్నం బయల్దేరారట. రేడియోలో విమానం అడిగితే మబ్బు తేలేదాకా రాలేమన్నారు. హెల్త్ వర్కరు నుదుటికి టార్చి కట్టుకుని, ఏ కంగారూ లేకుండా, ఆమెతో వాళ్ళ భాషలో మాట్లాడుతూనే బిడ్డని బయటికి తీశాడు. ఎన్నో ఏళ్ళు లేబర్ వార్డులో చేసిన నాకు ఆ చేతుల నేర్పు చూస్తే ముచ్చటేసింది. బిడ్డ ఏడ్చింది గానీ తల్లికి రక్తస్రావం ఆగలేదు. బాలింతల ప్రాణాలు ఎక్కువగా పోయేది ఇలా రక్తం ఆగకపోవడం వల్లే. అప్పుడు కావాల్సింది గర్భసంచిని బిగించి రక్తం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వాళ్ళ సోలార్ ఫ్రిజ్ బ్యాటరీ పోయి చాలా నెలలైందట. లే నుంచి మేము ఐస్ బాక్సులో తెచ్చిన ఇంజెక్షన్లు ఇంకా చల్లగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. తొడకి ఒక ఇంజెక్షన్, పొత్తికడుపు మీద మర్దన. కాసేపటికి గర్భసంచి గట్టిపడింది, నాడి కుదుటపడింది. ఆ తల్లి బతికింది, దేవునికి స్తోత్రం.

ఆ మధ్యాహ్నం ఆయన వెనక గది తలుపు తీసి చూపించాడు. అంతకు ముందు వేరే దేశాల నుంచి వచ్చిన టీములు వదిలి వెళ్ళిన సామాను: గడువు దాటిన మాత్రలు, బల్బు లేని మైక్రోస్కోపు, బొమ్మలు, పాత బూట్లు, టీము పేరు అచ్చేసిన టీషర్టులు. "వాళ్ళు మంచివాళ్ళే సిస్టర్, కానీ నాకు బ్యాటరీ కావాలని ఒక్కరూ అడగలేదు" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, నాకే బాధేసింది. విమానంలో ప్రతి కిలోకీ చార్జీ ఉంటుంది, ఆ బొమ్మల చార్జీతో బ్యాటరీ వచ్చి ఉండేది.

మా టీముకి వాళ్ళు ముందే ఉత్తరం రాసి ఒకటి అడిగారు. ప్రసవం దగ్గరపడిన దూరపు ఊళ్ళ ఆడవాళ్ళు ముందే వచ్చి ఉండటానికి హెల్త్ సెంటర్ పక్కన ఒక ఇల్లు. సాలూరులో మన గిరిజన గర్భిణులకి పెట్టిన వసతి గృహం లాంటిదే. కలప ఊరివాళ్ళు కోశారు, పని కూడా వాళ్ళే చేశారు. రేకులు, మేకులు, వాన నీళ్ళ ట్యాంకు మా డబ్బుతో లే నుంచి వచ్చాయి. మాలో కుర్రాళ్ళు మేస్త్రీలు కారు కాబట్టి రేకులు మోసి, చెప్పింది చేశారు, అంతే. అది వాళ్ళ ఇల్లు. మా పేరు రాసిన ఫలకం పెట్టొద్దని మేమే చెప్పాం.

ఇక్కడ ఒక మాట గుర్తు చేయాలి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో మన దోర్నకల్‌లో పనిచేసిన, ఆ తర్వాత 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే అడిగారు: పేదలకి మీ ఆస్తులిచ్చారు, మీ ప్రాణాలూ ఇచ్చారు, ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. దయ చూపించే దొరల ముందు నిలబడటం ఎలా ఉంటుందో తెలిసిన జాతి మనది. ఇవాళ మనకి నాలుగు డబ్బులొచ్చి విమానం ఎక్కగానే అవతలివాళ్ళ ముందు మనమే దొరల్లా నిలబడితే ఎలా? మా గుంటూరుకి 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ తెలుగు నేర్చుకుని, 1898లో ఆడవాళ్ళకి ఆస్పత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. అందరూ అంతకాలం ఉండలేరు, నిజమే. రెండు వారాల్లో తిరిగి వచ్చేవాళ్ళకి కనీసం అక్కడే ఉండిపోయేవాళ్ళ మాట వినే ఓపిక ఉండాలి కదా. చేతబడి చేసిందన్న అనుమానంతో ఆడవాళ్ళని హింసించడం ఆ దేశంలో ఇప్పటికీ ఉంది, మన పల్లెల్లోనూ వింటూనే ఉన్నాం. అలాంటి రోజున అడ్డం నిలబడాల్సింది ఊళ్ళో ఉన్న పాస్టర్ గారే గానీ ఫ్లైట్ ఎక్కి వెళ్ళిపోయిన మనం కాదు.

ఇక ఫోటోలు. ముక్కు కారుతున్న పిల్లల్ని ఎత్తుకుని సెల్ఫీ, కింద "దిక్కులేని పసివాళ్ళు" అని స్టేటస్. ఆ పిల్లల తల్లి పక్కనే నిలబడి ఉంటుంది! మేనమామలు, తాతలు, పొలం, ఇల్లు, అన్నీ ఉన్న పిల్లలు. ఇంకొందరైతే ఆ దేశమంటే నరమాంసం తినేవాళ్ళని వీడియోలకి పేర్లు పెడుతున్నారు. 1975లో స్వాతంత్ర్యం తెచ్చుకుని, పార్లమెంటు నడుపుకుంటున్న ప్రజలు వాళ్ళు. మన ఇంటికొచ్చి భోజనం చేసినవాళ్ళు వెళ్ళి మన గురించి ఇలా చెప్పుకుంటే మనకెలా ఉంటుంది? చందాలు ఎక్కువ రావాలని ఇలాంటివి పెట్టించే సంఘ పెద్దలు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

నా మనవి కొన్ని మాటల్లో. టూరిస్టు వీసా మీద వెళ్ళి ప్రసంగాలు చేయొద్దు, మతపరమైన పనికి వేరే వీసా ఉంది. నర్సులు, డాక్టర్లు అక్కడ వైద్యం చేయడానికి అధికారిక అనుమతి లేకుండా ఇంజెక్షన్ పట్టుకోవద్దు. జ్వరం, దగ్గు ఉంటే ప్రయాణం మానుకోండి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే విమానం ఎక్కాల్సిన ఊళ్ళకి మన జబ్బులు మోసుకెళ్ళకూడదు. 2018లో ఆ దేశంలో పోలియో మళ్ళీ కనబడింది, కాబట్టి మన టీకాలన్నీ సరిచూసుకుని, మలేరియా మాత్రలు వేసుకుని వెళ్ళండి. పదిమంది టికెట్ల డబ్బుతో అక్కడి అమ్మాయి ఒకరికి హెల్త్ వర్కర్ చదువు చెప్పించగలిగితే పదిమందీ ఇంట్లోనే ఉండండి, అందులో తక్కువేమీ లేదు.

ఆ హెల్త్ వర్కరు ఈమధ్య మెసేజ్ పంపారు. బ్యాటరీ వచ్చిందట. ఇప్పుడు వాళ్ళకి కావాల్సింది మిడ్‌వైఫరీ అనుభవం ఉన్న సిస్టర్, సోలార్ పని తెలిసి నలుగురు కుర్రాళ్ళకి నేర్పగల ఎలక్ట్రీషియన్, ఇద్దరూ మూడు నెలలైనా ఉండాలట. అలాంటివాళ్ళు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే మీ పాస్టర్ గారితో మాట్లాడి అక్కడి సంఘానికి రాయించండి, వాళ్ళ జవాబు వచ్చాకే టికెట్ కొనుక్కోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
గుంటూరు