మౌస్ నీ చేతికి తగ్గట్టు మారాలి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మణికట్టు నొప్పి తగ్గలేదనీ, వేళ్లు వణికి ఫైలు తెరుచుకునే బదులు పక్కకి జరిగిపోతోందనీ రాశావు. చివర్లో "ఇక నాకు కంప్యూటర్ పనికిరాదు" అన్నావే, ఆ మాట చదివాక మనసు కుదురుగా లేదురా. డాక్టరుకి చూపించుకోవడం మాత్రం వాయిదా వెయ్యకు. ఈలోగా, పని మానుకునే ముందు, నీ విండోస్‌లో ఇప్పటికే ఉన్న సెట్టింగులు కొన్ని మార్చి చూడు.

ముందు డబుల్ క్లిక్ సంగతి. కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ తెరిస్తే 'బటన్స్' ట్యాబ్ ఉంటుంది. అక్కడ డబుల్ క్లిక్ స్పీడ్‌ని 'స్లో' వైపు జరుపు. రెండు నొక్కుల మధ్య కాస్త ఎడం వచ్చినా సరిపోతుంది. అదీ కష్టమైతే ఫైలు మీద ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టు, తెరుచుకుంటుంది.

అదే ట్యాబ్‌లో కింద క్లిక్‌లాక్ ఉంది, దాన్ని తప్పకుండా ఆన్ చెయ్యి. పేరా మొత్తం సెలెక్ట్ చెయ్యాలంటే బటన్‌ని అలాగే నొక్కిపట్టి లాగాలి కదా, నీ మణికట్టుకి అసలు దెబ్బ అక్కడే. క్లిక్‌లాక్ ఉంటే బటన్‌ని కాసేపు నొక్కి వదిలెయ్యడమే. నొక్కినట్టే ఉండిపోతుంది. వేలు ఎత్తేసి మౌస్ జరుపుకుంటూ వెళ్లి, చివర్లో మళ్లీ ఒకసారి నొక్కితే విడిపోతుంది.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది మౌస్ కీస్. మౌస్ ముట్టుకోకుండానే తెర మీది బాణాన్ని కదిలించొచ్చు. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్ లాక్, ఈ మూడూ కలిపి నొక్కు. ఆన్ చెయ్యమంటావా అని అడుగుతుంది, ఎస్ అను. కీబోర్డు కుడిపక్క నంబర్ల దగ్గర 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకి, 6 కుడికి. మూలల్లో ఉన్న 7, 9, 1, 3 ఏటవాలుగా. 5 నొక్కితే క్లిక్, ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. దేన్నైనా లాగాలంటే 0 తో పట్టుకుని, చేరాల్సిన చోట చుక్క కీతో వదిలెయ్యి. కుడి క్లిక్ కావాలంటే ముందు మైనస్, తర్వాత 5. మళ్లీ ఎడమ క్లిక్‌కి రావాలంటే స్లాష్ నొక్కాలి. ఇది మరిచిపోతే ప్రతి క్లిక్కూ మెనూ తెరుస్తుంది, కంగారుపడకు. మామూలుగా నంబర్లు కొట్టాలంటే నమ్ లాక్ ఒకసారి నొక్కు. మొదట్లో నత్తనడకలా అనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో స్పీడ్ పెంచుకో. నీకు నీ డెస్క్‌టాప్ కీబోర్డులో ఆ నంబర్ల వరస ఉండటం కలిసొచ్చింది.

ఇదేమీ నిన్నమొన్నటిది కాదు. విండోస్ 95 లోనే ఉంది. అమెరికాలో అప్పట్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ట్రేస్ సెంటర్ అనే పరిశోధన కేంద్రం వాళ్ల పని దానికి పునాది. ఇన్నేళ్లుగా ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ ఉన్నా నీలాంటివాళ్లకి ఎవరూ చెప్పకపోవడమే నా బాధ. 'యాక్సెసిబిలిటీ', అంటే ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా వాడుకునేలా చేసే సదుపాయాలు, అన్న పేరు చూసి మనది కాదులే అని దాటిపోతాం. చెయ్యి నొప్పి పుట్టిన ప్రతివాడిదీ అది.

బాణం కనబడటం లేదని కూడా అన్నావు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మౌస్ పాయింటర్ అని ఉంటుంది. సైజు పెంచి, రంగు ముదురుగా పెట్టుకో. మౌస్ సెట్టింగ్స్‌లో ఇంకొకటుంది, కంట్రోల్ కీ నొక్కగానే బాణం చుట్టూ వలయం గీసి చూపించేది. మీ అమ్మాయి మ్యాక్‌లో అయితే మౌస్‌ని గబగబా అటూఇటూ ఊపితే బాణం పెద్దదవుతుంది. విండోస్ బదులు లినక్స్ పెట్టుకుని, అందులో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకి హోవర్ క్లిక్ ఉంది, బాణాన్ని ఒకచోట నిలిపితే చాలు, దానంతటదే క్లిక్ అవుతుంది.

ఎడమ చేతికి మారదామన్న ఆలోచన ఉంటే ప్రైమరీ బటన్‌ని కుడికి మార్చుకో, చూపుడువేలితోనే నొక్కొచ్చు. కొన్నాళ్లు తడబడతావు, అయినా కుడిచేతికి విశ్రాంతి దొరుకుతుంది.

అన్నీ ఒకేసారి మార్చకు. ముందు క్లిక్‌లాక్, అది అలవాటయ్యాక మౌస్ కీస్. ఎక్కడ ఆగిపోయావో, స్క్రీన్ మీద ఏం కనిపించిందో ఉన్నదున్నట్టు రాయి. తీరిక చూసుకుని ఫోన్ చేసినా సరే, పక్కన కూర్చున్నట్టు ఒక్కొక్కటీ చెబుతాను.

నీ
నేస్తం