మే 5 దాకా తబలా వద్దు, పద్యాలు చాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం చెప్పేస్తాను, పూర్తిగా చదివే తీరిక లేనివాళ్లు ఈ పేరాతో ఆపేయొచ్చు. ఏప్రిల్ 5న మన ఆదివారం తెలుగు బడికి సెలవు, యూదుల పస్కా పండుగకి బిల్డింగ్ మూసేస్తున్నారు. ఏప్రిల్ 12 నుంచి మే 3 దాకా నాలుగు ఆదివారాలు క్లాసులు ఎప్పటిలాగే జరుగుతాయి గానీ ఆ ఆవరణలో డాన్సు ప్రాక్టీసు, కీబోర్డు, తబలా, ఫోన్‌లో పాటలు పెట్టడం ఉండవు. మే 10 నుంచి మళ్లీ మన గోల మనది.

యాన్యువల్ డే నెత్తిమీద పెట్టుకుని ఇదేంటి మాస్టారూ అని ఇప్పటికే ముగ్గురు ఫోన్ చేశారు. మనకి గదులు అద్దెకిచ్చింది యూదుల బడి అని మీకు తెలుసు. పస్కా రెండో రాత్రి నుంచి వాళ్లు రోజులు లెక్కపెట్టడం మొదలుపెడతారు, మొత్తం 49. యాభయ్యో రోజు షవుఒత్, మన తెలుగు బైబిల్లో వారాల పండుగ అని ఉండేది అదే. యెరూషలేంలో వాళ్ల గుడి ఉన్న కాలంలో ఆ లెక్క మొదలయ్యే రోజున కొత్త బార్లీ పంటలోంచి ఓమెర్ అనే కొలత ధాన్యం సమర్పించేవారు, అందుకే దీన్ని ఓమెర్ లెక్క అంటారు. అంటే మొదట్లో ఇది పంటల కాలం, సంతోషంగా గడపాల్సిన రోజులు. సంతాపం తర్వాత వచ్చి చేరింది.

ఎందుకు చేరిందో వింటే బడి నడిపేవాడిగా నాకు కొంచెం గుచ్చుకుంది. రెండో శతాబ్దంలో రబ్బీ అకీవా అనే గొప్ప గురువుకి పన్నెండు వేల జతల శిష్యులు ఉండేవారట, అంటే 24,000 మంది. పస్కాకీ షవుఒత్‌కీ మధ్య వాళ్లంతా చనిపోయారని, ఒకరినొకరు గౌరవించుకోకపోవడమే కారణమని వాళ్ల ధర్మగ్రంథం తాల్ముద్ చెబుతుంది. రోమన్ల మీద తిరుగుబాటులో పోయిన కుర్రాళ్ల జ్ఞాపకమే ఈ కథ వెనక ఉందనే చరిత్రకారులూ ఉన్నారు. అకీవా ఆ తర్వాత ఐదుగురితో మళ్లీ మొదటినుంచి పాఠం మొదలుపెట్టాడు. (మనం మొదటి ఏడాది ఏడుగురితో మొదలెట్టాం, మనమే నయం.) యూరప్ యూదులకి దీనిమీద ఇంకో గాయం కూడా పడింది. 1096లో మొదటి క్రూసేడ్‌కి, అంటే యెరూషలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధానికి, బయల్దేరిన మూకలు జర్మనీలోని స్పైయర్, వర్మ్స్, మైంజ్ ఊళ్లలో యూదుల్ని ఊచకోత కోసింది సరిగ్గా ఈ రోజుల్లోనే.

అందుకని ఈ రోజుల్లో పెళ్లిళ్లు చెయ్యరు, జుట్టు కత్తిరించుకోరు, చాలామంది మగవాళ్లు గడ్డం గీసుకోరు, వాయిద్యాలు వినరు, డాన్సులుండవు. ఉద్యోగాలు, చదువులు, భోజనాలు మామూలే. దీన్ని మన ఆషాఢంతోనో మూఢంతోనో పోల్చకండి, అక్కడ మనం ముహూర్తం కుదరదని ఆగుతాం, ఇక్కడ పోయినవాళ్ల కోసం ఆగుతారు. మొహర్రం రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలో షియా ఇళ్లు చూసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఆ గడ్డాలు కూడా అయ్యప్ప దీక్ష గడ్డాలు కావు, ఇంట్లో పెద్దవాళ్లు పోతే కర్మ అయ్యేదాకా మనవాళ్లు వదిలేసే గడ్డాల్లాంటివి. మన పిల్లాడొకడు పోయినేడాది ఫ్రెండ్ వాళ్ల నాన్నని చూసి "అంకుల్‌కి ఒంట్లో బాలేదా" అని అడిగేశాడు. ఆయన నవ్వేశాడనుకోండి, అయినా ఇంట్లో ఒక మాట చెప్పి ఉంచండి.

అందరి లెక్కా ఒకటే అనుకోకండి. కొందరు మొదటి 33 రోజులు పాటిస్తారు, కొందరు కొన్నాళ్లు ఆగి మొదలుపెట్టి షవుఒత్ దగ్గరదాకా వెళ్తారు, మన ఉగాది ఏ రోజని రెండు పంచాంగాలు కొట్టుకున్నట్టే. ఆ బడి మాత్రం ముప్పై మూడో రోజుతో ఆపుతుంది, ఈసారి అది మే 5.

పోయినేడాది మే 4న ఏమైందో కొందరికి గుర్తుండే ఉంటుంది. లాబీలో స్పీకర్ పెట్టి కోలాటం ప్రాక్టీసు చేయిస్తున్నాం. పిల్లాడు మర్చిపోయిన పుస్తకాల సంచీ కోసం వచ్చిన ఒకావిడ గుమ్మం బయటే నిలబడిపోయింది, పాట అయ్యేదాకా ఇరవై నిమిషాలు. మన చప్పుడు నచ్చలేదేమో అనుకున్నాను, నిజం చెప్పాలంటే కొంచెం ఒళ్లు మండింది కూడా. అన్నీ సర్దేసరికి రాత్రి ఎనిమిది దాటింది. బిల్డింగ్ చూసుకునే పెద్దాయన అప్పుడు నెమ్మదిగా ఈ సంగతంతా చెప్పాడు. ఇవాళ ఎన్నో రోజండీ అని అడిగితే "నిన్న ఇరవై ఒకటి" అన్నాడు. సూటిగా ఇరవై రెండు అనొచ్చుగా అనుకున్నాను. ఆశీర్వచనం చదివి లెక్కపెట్టేలోపు నోటితో ఆ అంకె అంటే లెక్క అయిపోయినట్టే, ఇక ఆ రాత్రికి ఆశీర్వచనం చదవడానికి ఉండదట. అంత జాగ్రత్తగా లెక్కపెట్టుకునే మనుషుల గుమ్మంలో మనం కోలాటం ఆడించాం! ఈసారి కూడా వాళ్లు ఆంక్షలేవీ పెట్టలేదు, "వీలైతే" అన్నారంతే. వీలు చేసుకుందామని నేనే నిర్ణయించాను.

నోటితో పాడటానికి వాళ్లలో చాలామందికి అభ్యంతరం లేదు, పేచీ అంతా వాయిద్యాలతోనే. కాబట్టి ఈ నాలుగు వారాలూ వేమన, సుమతీ శతకం పద్యాలు గట్టిగా చదివిద్దాం, హార్మోనియం లేకుండా రాగం తీయడం పిల్లలకి ఎలాగూ రావాలి. కోలాటం ప్రాక్టీసుకి ముగ్గురి బేస్‌మెంట్లు కావాలి, ఖాళీ ఉన్నవాళ్లు వాట్సాప్‌లో చెప్పండి.

ముప్పై మూడో రోజుని లాగ్ బఓమెర్ అంటారు. వాళ్ల అక్షరాలకి అంకెలుంటాయి, మన కటపయాది లాగా, 'లాగ్' అంటే 33. శిష్యుల చావులు ఆగింది ఆ రోజే అంటారు, అందుకే మంటలు వేసి పండుగ చేస్తారు. మే 4 సోమవారం రాత్రి వెనక గ్రౌండులో వేసే మంటకి మన పిల్లల్నీ పిలిచారు, భోగి మంట అనుకుని రండి. మూడేళ్ల మగపిల్లలకి మొదటిసారి జుట్టు తీయించడానికి కూడా ఆ రోజు కోసం ఆగేవాళ్లుంటారు, తిరుమలలో పుట్టువెంట్రుకలు ఇచ్చిన మనకి ఇది వింతేం కాదు. తినేవి మాత్రం ఇంటినుంచి తేకండి, కోషర్ నియమం, అంటే వాళ్ల ఆహార నియమం, ఏడాది పొడుగునా ఉండేదే.

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారని చెబితే మన పెద్దాయన నమ్మలేదు. ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే మంట దగ్గర ఆయనకి చెప్పండి, నామీద నమ్మకం కుదిరినట్టు లేదు.

ఏప్రిల్ 12న శతకం పుస్తకాలు మర్చిపోకండి. బడి స్పీకర్ మే 10 దాకా నా కారు డిక్కీలోనే ఉంటుంది, అడగొద్దు.

మీ
హెడ్మాస్టరు