ఉప్పల్ మ్యాచ్‌కు వస్తున్న అమ్మాయికి

తార్నాక,
సికింద్రాబాద్.

చి. సింధూరకు,

నాన్న ఆశీస్సులు. మేమిద్దరం ఇక్కడ క్షేమం. నువ్వూ, మీ ఆఫీసు స్నేహితులూ కలిసి పదిమంది శనివారం రాత్రి ఉప్పల్‌లో జరిగే ఐపీఎల్ మ్యాచ్‌కు వస్తున్నారనీ, శుక్రవారం బయలుదేరింది మొదలు ఆదివారం మళ్లీ విజయవాడ చేరేదాకా ప్రయాణం, బస, భోజనం అన్నీ చూసుకునే పని నీకే అప్పగించారనీ మీ అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే కొంత మరుపున పడుతుంది కాబట్టి వరుసగా కాగితం మీద పెడుతున్నాను. ఉద్యోగమంతా ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో చేసినవాడిని గనుక, వేలమంది ఒకే సమయంలో ఒకేచోటి నుంచి కదిలితే ఏమవుతుందో నాకు దగ్గరగా తెలుసు. ఆ తెలిసినది నీకు పనికి రావాలని నా కోరిక.

నువ్వు అమ్మకు పంపిన ప్రణాళిక చదివాను. శుక్రవారం రాత్రి గచ్చిబౌలిలో బస, శనివారం చార్మినార్, సాయంత్రం మ్యాచ్, మ్యాచ్ అయ్యాక జూబ్లీహిల్స్‌లో పబ్బు, ఆదివారం బిర్యానీ అని వేసుకున్నావు. ఊరు చూపించాలన్న నీ ఉత్సాహం అందులో కనిపించింది, సంతోషం. అయితే దీన్ని పొద్దుటి నుంచి రాత్రికి కాకుండా, రాత్రి నుంచి పొద్దుటికి వేసుకోవాలమ్మా. శనివారం రాత్రి పదకొండు గంటలు దాటాక స్టేడియం బయట నిలబడిన పదిమందీ బసకు చేరేది ఎలా అన్నది ముందు తేల్చుకుంటే, ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి, తాగేవాళ్లు ఎప్పుడు తాగాలి అన్నవన్నీ దాని వెంట వాటంతట అవే కుదురుతాయి. పెళ్లికి బస్సు మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు తిరుగు ప్రయాణం సంగతే ముందు అడిగేవారు, వెళ్లడం ఎలాగూ వెళతారు గనుక.

రాత్రి మ్యాచ్ 7:30కి మొదలవుతుంది. లెక్క ప్రకారం పదకొండు గంటల ప్రాంతంలో ముగియాలి గానీ, ఉప్పల్ పిచ్ మీద పరుగులు వరదలా వచ్చే రోజున ఆ లెక్క నిలవదు. 2024 మార్చి 27న ఇక్కడే సన్‌రైజర్స్ 277 చేస్తే ముంబయి 246 చేసింది. ఆ ఒక్క మ్యాచ్‌లోనే 38 సిక్సర్లు పడ్డాయి. గ్యాలరీలోకి వెళ్లిన బంతి తిరిగి బౌలర్ చేతికి రావడానికి పట్టే సమయమంతా మన ఇంటికి వెళ్లే సమయంలోంచి తీసుకున్నదే. వేసవి వానలు కూడా లెక్కలో పెట్టుకో. వాన పడితే ఐదేసి ఓవర్ల ఆటనైనా రాత్రి 10:56 లోపు మొదలుపెట్టవచ్చని లీగ్ దశ నిబంధన, అంటే ఆట అర్ధరాత్రికి చేరువయ్యే వీలుంది. 2024 మే 16న గుజరాత్‌తో జరగవలసిన మ్యాచ్ ఒక్క బంతి కూడా పడకుండానే వానకు రద్దయింది. కనుక పదకొండున్నరకు బయటపడతామని వేసుకో, పన్నెండయినా కంగారు పడకుండా ఉండేలా ఏర్పాటు చేసుకో.

ఇక బయటకు వచ్చాక ఏం జరుగుతుందో చెబుతాను, ఇది అన్నిటికంటే ముఖ్యం. స్టేడియం నిండితే దాదాపు 39 వేల మంది. ఆ జనమంతా గేట్ల నుంచి హబ్సిగూడ - ఉప్పల్ రోడ్డు మీదికే వస్తారు. ఆ రోడ్డు వరంగల్ వైపు వెళ్లే వాహనాలతో మామూలు రోజుల్లోనే కిక్కిరిసి ఉంటుంది. ఆ సమయంలో ఫోనులో క్యాబ్ పిలిస్తే డ్రైవరు ఉప్పల్ చౌరస్తా దగ్గరే ఆగిపోయి, నడిచి రమ్మని ఫోను చేస్తాడు; మీరు జనంలోంచి బయటపడేసరికి బుకింగ్ రద్దయి ఉంటుంది; మళ్లీ బుక్ చేయబోతే రేటు పెరిగి ఉంటుంది. ఆటోవాళ్లు మీటరు మాట ఎత్తనివ్వరు. ఇంతమంది ఒక్కసారిగా కదిలేటప్పుడు రోడ్డు మీద తిరిగే ఏ బండీ సరిపోదు, ఒక్క రైలే సరిపోతుంది. మెట్రో నీలి మార్గంలో స్టేడియం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. మ్యాచ్ రోజుల్లో మామూలు వేళ దాటాక కూడా రైళ్లు నడపడం ఇక్కడ అలవాటైంది. ఆ అదనపు రైళ్లకు ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్లలో మాత్రమే ఎక్కనిచ్చి, మిగిలిన చోట్ల దిగనివ్వడం మాత్రమే చేసిన సందర్భాలున్నాయి. మీ మ్యాచ్‌కు ఏ సమయం దాకా నడుపుతారో మెట్రోవారి ప్రకటన రెండు రోజుల ముందు చూసుకో.

స్టేషన్ మెట్ల దగ్గర తాడు అడ్డం పెట్టి, పైన ప్లాట్‌ఫామ్ ఖాళీ అయినకొద్దీ జనాన్ని విడతలుగా వదులుతారు. ఆ తాడు దగ్గర నిలబడినప్పుడు టికెట్ ఇంకా కొనలేదని ఎవరైనా అంటే పదిమందీ ఆగిపోవలసి వస్తుంది. అందుచేత అందరి చేతా ముందే స్మార్ట్ కార్డు తీయించు. రద్దీ భయపెట్టేలా ఉంటే తోసుకుని వెళ్లవద్దు. ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ వైపు నడవండి, జనం పలచబడతారు. క్యాబ్ తప్పనిసరి అయితే మెట్రోలో రెండు మూడు స్టేషన్లు వచ్చి హబ్సిగూడలోనో తార్నాకలోనో దిగి పిలవండి. స్టేడియం ముందు గంటసేపు రాని బండి అక్కడ త్వరగా దొరుకుతుంది.

ఇది తేలింది కాబట్టి బస కూడా తేలింది. గచ్చిబౌలి వద్దు, అక్కడికి మెట్రో లేదు. అమీర్‌పేటలో గానీ బేగంపేటలో గానీ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో హోటల్ చూడు. అమీర్‌పేట నుంచి స్టేడియం ఒకే రైలు, అరగంట లోపు ప్రయాణం. మరో సుఖం కూడా ఉంది. విజయవాడ బస్సు ఎలాగూ ఎల్బీనగర్ మీదుగానే ఊళ్లోకి వస్తుంది గనుక శుక్రవారం అక్కడే దిగేయండి. ఎర్ర మార్గం అక్కడే మొదలవుతుంది, రైలు మారకుండా అమీర్‌పేటలో దిగవచ్చు. రైల్లో రావాలనుకుంటే టికెట్ మీద సికింద్రాబాద్ ఉందా, చర్లపల్లి ఉందా అన్నది చూసుకో. చర్లపల్లి కొత్త టెర్మినల్ బాగుంది గానీ దానికి మెట్రో లేదు. అన్నట్టు, ఇక్కడి సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపినవారికే. మీ బృందంలోని అమ్మాయిలవి ఆంధ్రప్రదేశ్ కార్డులు కాబట్టి చిల్లర దగ్గర పెట్టుకోమను.

ఇప్పుడు పబ్బు సంగతి. నాన్న ఈ విషయం రాయడమేమిటని అనుకోవద్దు. పెద్దవాళ్లయ్యారు, ఎవరి ఇష్టం వారిది. బాధ్యత తీసుకున్న మనిషికి దాని లెక్క కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాను. నగరంలో బార్లు శుక్ర, శనివారాల్లో రాత్రి ఒంటిగంట దాకా, మిగతా రోజుల్లో పన్నెండు దాకా తెరిచి ఉంటాయి. మ్యాచ్ ముగించుకుని, జనంలో ఈదుకుంటూ, ఊరికి ఈ చివరి నుంచి ఆ చివరన ఉన్న జూబ్లీహిల్స్ చేరేసరికి వాళ్లు చివరి ఆర్డర్లు తీసుకుంటూ ఉంటారు. తీరా అక్కడి నుంచి తిరిగి రావడానికి మెట్రో ఉండదు. కనుక ఆ ముచ్చట శుక్రవారం రాత్రికి మార్చు. అమీర్‌పేట నుంచి అదే నీలి మార్గంలో ఎదురు దిక్కుకు వెళితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, దుర్గం చెరువు స్టేషన్ల నుంచి కావలసినన్ని పబ్బులు, సొంతంగా బీరు కాచే చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. ఎనిమిదింటికల్లా వెళ్లి కూర్చుంటే చివరి రైలుకు తిరిగి రావచ్చు. టేబుల్ ముందే చెప్పి పెట్టు. మగపిల్లలు మాత్రమే ఉన్న బృందాన్ని కొన్ని చోట్ల లోపలికి రానివ్వరు కాబట్టి అందరూ కలిసే వెళ్లండి. తెలంగాణలో మద్యానికి వయసు 21 నిండాలి. కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఆ లోపు వారైతే ముందే చెప్పి ఉంచు, గుమ్మం దగ్గర చిన్నబుచ్చుకోనక్కర్లేకుండా.

ఐపీఎల్ జరిగే రోజుల్లోనే శ్రీరామనవమి, హనుమజ్జయంతి వస్తాయి. ఆ రోజుల్లో నగరంలో శోభాయాత్రల కారణంగా మద్యం దుకాణాలు మూయించడం, దారులు మళ్లించడం మామూలే, కాబట్టి క్యాలెండరు ఒకసారి చూడు. కారు తెస్తానన్న మీ సహోద్యోగికి ఈ మాట నేను చెప్పానని చెప్పు: తాగే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా కారు విజయవాడలోనే వదిలి రావాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమే. మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. హైదరాబాద్ పోలీసులు వారాంతపు రాత్రుల్లో బారికేడ్లు పెట్టి గొట్టంలో ఊదించడంలో ఎవరినీ ఉపేక్షించరు. జరిమానా కట్టి బయటపడవచ్చు; దారిలో ఎవరికైనా ఏమైనా అయితే దాన్ని ఎవరూ తీర్చలేరు. ఈ ఒక్క విషయంలో నువ్వు మొహమాటపడవద్దు.

శనివారం చార్మినార్‌కు పొద్దున్నే వెళ్లండి. ఎర్ర మార్గంలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటో తీసుకుంటే కాసేపట్లో చేరతారు. చార్మినార్ పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, అప్పుడే బట్టీలోంచి తీసిన ఉస్మానియా బిస్కెట్లు దొరుకుతాయి. బిస్కెట్టు చాయ్‌లో ముంచి క్షణంలో నోట్లో పెట్టుకోవాలి, లేకపోతే విరిగి కప్పు అడుక్కి జారుతుంది. ఎండ ఎక్కకముందే మొజంజాహి మార్కెట్‌కు వచ్చి ఫేమస్ అనే దుకాణంలో ఐస్‌క్రీమ్ తిని, పన్నెండు లోపు గదులకు చేరుకోండి. మధ్యాహ్నం తేలికగా తిని నిద్రపోవాలి. రాత్రి మేల్కొనేవాళ్లకు పగటి నిద్ర చాలా అవసరం.

నాలుగున్నరకు అమీర్‌పేటలో రైలెక్కండి. ఆఖరి గంటలో గేట్ల దగ్గర తనిఖీ వరుసలు కదలవు. సంచులు, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు, హెల్మెట్లు, లైటర్లు, ఇంటి తిండి ఏవీ లోపలికి పోనివ్వరు. అందరూ ఫోను, టికెట్, కాస్త డబ్బు తప్ప ఏమీ తేవద్దని ముందు రోజే చెప్పు. తాగి ఉన్నవాళ్లను గేటు దగ్గరే ఆపుతారు. లోపల నీళ్లూ తిండీ అమ్ముతారు గానీ ఖరీదెక్కువ, ఓవర్ల మధ్య వరుసలో నిలబడితే ఆట పోతుంది. రెండు స్టేషన్ల ముందే హబ్సిగూడలో దిగి కడుపునిండా టిఫిన్ చేసి మళ్లీ రైలెక్కడం మేలు. రాత్రి పన్నెండు దాటాక హోటళ్ల వెంట తిరగనక్కర్లేదు. మీ అమ్మ పులిహోర చేస్తానంది, మధ్యాహ్నం నేనే మీ హోటల్‌కు తెచ్చి ఇస్తాను. చింతపండు పులిహోర అర్ధరాత్రి దాకా చెడదు.

ఆదివారం పొద్దున సామాను సర్దుకుని, గదులు ఖాళీ చేసి అందరూ తార్నాకలో మన ఇంటికి రండి, పెసరట్లు వేస్తాం. పదకొండున్నరకు ఇక్కడ రైలెక్కి పరేడ్ గ్రౌండ్‌లో ఆకుపచ్చ మార్గానికి మారితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్‌లో దిగుతారు. మీ బిర్యానీకి బావర్చీ హోటల్ అక్కడే ఉంది. ఆ పేరుతో ఊరంతా బోర్డులున్నా అసలుది అదొక్కటే. ఆదివారం ఒంటిగంట దాటితే బల్ల దొరకడం కష్టం. పన్నెండున్నర లోపు కూర్చోండి. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, పదిమందికి పది చెప్పి పారేయవద్దు. శాకాహారులను బిర్యానీ తినేవాళ్ల వెంట కూర్చోబెట్టి పెరుగుచట్నీతో సరిపెట్టకు. హిమాయత్‌నగర్‌లో మినర్వా కాఫీ షాప్ దగ్గరే, వాళ్లు అక్కడ తిని నేరుగా ఎంజీబీఎస్‌కు వచ్చి మిమ్మల్ని కలుస్తారు. భోజనం అయ్యాక అదే ఆకుపచ్చ మార్గంలో నాలుగు స్టేషన్లు వెళితే ఎంజీబీఎస్. స్టేషన్ దిగి నడిస్తే బస్టాండే. మూడు గంటల బస్సుకు రిజర్వేషన్ ఇప్పుడే చేసేయి, ఆదివారం సాయంత్రం విజయవాడ బస్సుల్లో సీటు దొరకదు.

నువ్వు నాకు మూడు సంగతులు తెలియజేయాలి. టికెట్ల మీద ఏ గేటు నంబరు వేశారో రాయి, అందరికీ ఒకే గేటు కాకపోతే ఎక్కడ కలుసుకోవాలో చెబుతాను. పెసరట్లలోకి ఉల్లిపాయ తిననివారు ఎవరైనా ఉన్నారేమో అమ్మ అడుగుతోంది. హోటల్ ఖాయం చేశాక పేరు, స్టేషన్ నుంచి ఎంత దూరమో తెలియజేయి, ఒక సాయంత్రం నేను వెళ్లి ఆ దారిలో రాత్రి వెలుతురు ఎలా ఉంటుందో చూసి వస్తాను.

ఇట్లు,
మీ నాన్న.