24 గంటల్లో రీఫ్ ట్యాంకు రెడీ అని అమ్మిన ప్యాకేజీపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్, గ్రీవెన్స్ ఆఫీసర్ గార్లకు,

విషయం: మూడడుగుల సాల్ట్‌వాటర్ రీఫ్ ప్యాకేజీలో తప్పుడు హామీ, సేవాలోపం, సొమ్ము వాపసు.

నమస్కారం.

ఏప్రిల్ చివర్లో మీ వెబ్‌సైట్‌లో 86,000 రూపాయలు కట్టి ఈ ఉప్పునీటి చేపలు, పగడాల ట్యాంకు ప్యాకేజీ తీసుకున్నాను. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కు మీవాళ్ళే వచ్చి బిగించి వెళ్ళారు. ట్యాంకు, స్టాండు, సంపు (కింద ఉండే ఫిల్టర్ తొట్టి), స్కిమ్మర్ (నురగతో మురికిని తీసే పరికరం), లైటు, హీటరు, ఉప్పు, లైవ్ రాక్ (జీవాలున్న సముద్రపు రాళ్ళు), బాక్టీరియా సీసా, చేపలు అన్నీ అందులోనే. ట్యాంకు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అద్దం బాగుంది, సిలికాన్ అతుకులు శుభ్రంగా ఉన్నాయి, చుక్క కారలేదు. స్కిమ్మర్ కూడా పెద్దగా చప్పుడు చేయకుండా పని చేస్తోంది. నా గొడవంతా ఆ ట్యాంకులో మీరు పోసినవాటి గురించి, వేసినవాటి గురించి, వేసేటప్పుడు చెప్పిన మాటల గురించి.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అమ్మాయి "సముద్రపు చేపలు సెన్సిటివ్ సార్, ఒకటీ అరా పోతుంటాయి" అంది. మీరు ఇచ్చినవి రెండు క్లౌన్ ఫిష్‌లు, మూడు గ్రీన్ క్రోమిస్‌లు. క్రోమిస్‌లు మూడూ పోయాయి, క్లౌన్‌లలో ఒకటి పోయింది. ఐదింటిలో నాలుగు పోతే దాన్ని ఒకటీ అరా అనరు. అందుకే ఫోన్లు పక్కనపెట్టి రాతపూర్వకంగా ఇస్తున్నాను.

ముందు మీ హామీ సంగతి. ప్యాకేజీ పేజీలో పెద్దక్షరాలతో "ఇన్‌స్టంట్ సైకిల్, 24 గంటల్లో చేపలు, కోరల్స్" అని ఉంది. కోరల్స్ అంటే పగడాలు, సైకిల్ అంటే అమ్మోనియాను తినే బాక్టీరియా కొత్త ట్యాంకులో సరిపడా పెరగడం. మంచినీళ్ళ ట్యాంకులు పెంచిన అనుభవం ఉంది కాబట్టి నాకు అక్కడే అనుమానం వచ్చింది. డబ్బు కట్టకముందే మీ సేల్స్ నంబరుకు వాట్సాప్‌లో అడిగాను, సైకిల్ పూర్తి కాకుండా చేపలు వేస్తే అమ్మోనియా సంగతేమిటని. "మా బాక్టీరియా వేస్తే సైకిల్ వెయిటింగ్ అక్కర్లేదు సార్, సేమ్ డే ఫిష్ వేసుకోవచ్చు" అని జవాబొచ్చింది. స్క్రీన్‌షాట్ జత చేశాను.

కొత్త ట్యాంకులో ఏం జరుగుతుందో మీకు తెలియదని నేను అనుకోను. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియానే వస్తుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. ఈ రెండూ రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడి సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచి సీసా సరుకైతే ఈ గడువు బాగా తగ్గుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ తగ్గిందో లేదో టెస్ట్ కిట్ చెప్పాలి, వెబ్‌సైట్ కాదు. చేపలు లేని ట్యాంకులో 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా అమ్మోనియం క్లోరైడ్ వేయాలి. మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే సైకిల్ అయినట్టు. మీ టెక్నీషియన్ దగ్గర అమ్మోనియా కిట్టే లేదు.

ఇక ఆ సీసా. చేపలు పోయాక తీరిగ్గా లేబుల్ చదివాను. "ఐదు రకాల బాసిల్లస్" అని రాసి ఉంది, ఇంకే బాక్టీరియా పేరూ లేదు. బాసిల్లస్ మంచిదే, అడుగున పేరుకున్న మురికిని తింటుంది. అది చేసే పని అంతవరకే. మురికిని విడగొట్టినప్పుడు అమ్మోనియా బయటికి వస్తుంది గానీ తగ్గదు. అమ్మోనియాను తినేవి నైట్రోసోమోనాస్ లాంటివి, నైట్రైట్‌ను తినేవి నైట్రోస్పైరా లాంటివి. వీటికి బాసిల్లస్‌లా వేడిని తట్టుకునే స్పోర్లు ఉండవు, అందుకే ఎండలో వ్యాన్‌లో పడేసి పంపితే బతకవు. అంటే మీ సీసా మే నెల ఎండను తట్టుకుని వచ్చిందంటే అందులో నాకు కావలసిన బాక్టీరియా లేకపోవడమే కారణం. సైకిల్ చేసే సూక్ష్మజీవి ఒక్కటీ లేని సీసాను ఇన్‌స్టంట్ సైకిల్ పేరుతో 2,200 రూపాయలకు అమ్మారు. పైగా తయారీ తేదీ ఉండాల్సిన చోట మీ ధర స్టిక్కర్ అంటించి ఉంది. దిగుమతి చేసిన సరుకని మీరే చెప్పారు, దిగుమతిదారు పేరు, చిరునామా సీసా మీద ఎక్కడా లేవు. ఫోటోలు పంపుతున్నాను, మీరే చూడండి.

బిగించిన రోజు సంగతి కూడా చెప్పాలి. బిల్లులో ఆర్ఓ డీఐ నీళ్ళకు, అంటే లవణాలన్నీ తీసేసిన నీళ్ళకు, 3,000 వేశారు. టెక్నీషియన్‌గా వచ్చిన కుర్రాడు మా బాత్రూమ్ కుళాయికి పైపు తగిలించాడు. మా అపార్ట్‌మెంటుకు వచ్చేది బోరు, ట్యాంకరు కలిసిన నీళ్ళు. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే నా టీడీఎస్ పెన్ ముంచితే 600 దాటింది. డీఐ నీళ్ళయితే సున్నా చూపించాలి. ఇదేంటని అడిగితే "ఉప్పు వేశాక టీడీఎస్ ఎలాగూ పెరుగుతుంది కదా సార్" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉప్పు పెంచే టీడీఎస్ వేరు, బోరు నీళ్ళతో వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు వేరు. రెండోది ట్యాంకు అద్దాల మీద గోధుమరంగు పొరై కూర్చుంటుంది. కూర్చుంది కూడా.

ఉప్పు దగ్గర ఇంకో విచిత్రం. సంపుతో కలిపి దాదాపు 180 లీటర్ల నీళ్ళు పట్టాయి. లీటరుకు 37 గ్రాముల చొప్పున వేసుకున్నా ఆరున్నర కిలోల పైనే ఉప్పు కావాలి. మీరు పంపింది ఐదు కిలోల ప్యాకెట్ ఒకటి. అదంతా ఒంపేసి, కుర్రాడు జేబులోంచి, నీటి సాంద్రతను బట్టి ఉప్పు ఎంతుందో చూపే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ తీశాడు, ముల్లు ఊగే రకం. ఒకసారి ముంచి తీశాడు. ముల్లు మెల్లగా లేచి 1.025 దగ్గర ఆగింది. "పర్ఫెక్ట్ సార్" అన్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే ముల్లు కింద చిన్న చిన్న గాలి బుడగలు అంటుకుని ఉన్నాయి. వేలితో డబ్బాను తట్టాను. బుడగలు ఒక్కొక్కటే విడిపోతుంటే ముల్లు కిందికి దిగుతూ వచ్చింది. తర్వాత అదే కొలతను ఇంకా కచ్చితంగా చూపే నా రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 1.020. న్యాయంగా చెప్పాలంటే చేపలు చచ్చింది దీనివల్ల కాదు, చాలా షాపుల్లో చేపల్ని ఇంతకన్నా తక్కువ ఉప్పులోనే ఉంచుతారు. కానీ మీరు అమ్మింది రీఫ్ ప్యాకేజీ. కోరల్స్‌కు 1.025, 1.026 కావాలి. ఉప్పు తూకమే తెలియనివాళ్ళు కాల్షియం, ఆల్కలినిటీ ఎలా చూస్తారో నాకు అర్థం కాలేదు.

ఇదంతా చూశాక చేపల్ని ఆ రోజు వేయొద్దు, వెనక్కి తీసుకెళ్ళి నెల తర్వాత తెమ్మన్నాను. కుర్రాడు మీ ఆఫీసుకు ఫోన్ కలిపి నాకు ఇచ్చాడు. అవతలి పెద్దమనిషి "బయటికొచ్చిన లైవ్‌స్టాక్ రిటర్న్ ఉండదు సార్, తీసుకోకపోతే వారంటీ క్యాన్సిల్" అన్నాడు. కవర్లలో అప్పటికే చేపలు పైకొచ్చి గాలి పీలుస్తున్నాయి. నాకు మీరు మిగిల్చిన దారి ఏమిటో మీరే చెప్పండి.

ఆ వారాంతానికి అమ్మోనియా 1కీ 2 పీపీఎంకీ మధ్యకు చేరింది. పసుపుగా ఉండాల్సిన టెస్ట్ ట్యూబు ముదురు ఆకుపచ్చకు తిరిగింది. క్రోమిస్‌లు ఒక మూలకు చేరి మొప్పలు ఎగరేస్తూ నిలబడ్డాయి, క్లౌన్ సంపు నుంచి నీళ్ళు తిరిగొచ్చే గొట్టం దగ్గర నీటిపొర కిందే ఉండిపోయింది. మంచినీళ్ళ ట్యాంకులో పీహెచ్ 7 దగ్గర ఈ అంకెను చేప కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. సముద్రపు నీళ్ళ పీహెచ్ 8.2 దగ్గర అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం చాలా రెట్లు పెరుగుతుంది, వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. మా హాల్లో ట్యాంకు నీళ్ళు 31 డిగ్రీలు ఉన్నాయి. హైదరాబాద్ ఎండాకాలానికి మీరు ప్యాకేజీలో ఇచ్చింది 200 వాట్ల హీటరు! నీళ్ళను చల్లబరిచే చిల్లర్ ఊసే లేదు.

నీళ్ళు మార్చాను, మార్చుతూనే ఉన్నాను. మిగిలిన ఒక్క క్లౌన్‌ను కూకట్‌పల్లిలో పాత ట్యాంకు ఉన్న మిత్రుడికి ఇచ్చేశాను. అది అక్కడ బాగానే తింటోందట.

ఇప్పుడు లైవ్ రాక్ దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన విషయం ఇదే. 20 కిలోలకు కిలో 700 చొప్పున 14,000 తీసుకున్నారు. లైవ్ రాక్ అంటే తడి ఆరకుండా రావాలి, అందులోని జీవాలే దాని విలువ. మీ రాళ్ళు అట్టపెట్టెలో పేపర్ చుట్టి, ఎండిపోయి, నీచు వాసనతో వచ్చాయి. లోపల చచ్చినవి నీళ్ళలో కుళ్ళి అమ్మోనియాకు ఇంకాస్త ఆజ్యం పోశాయి. అది డబ్బు నష్టం. అసలు భయం వేరే. రెండు మూడు రాళ్ళను బ్రష్‌తో కడిగి చూస్తే వాటి మీద నక్షత్రాల్లా వరసగా చిన్న గుంటలు కనిపించాయి. అవి చచ్చిన పగడపు గూళ్ళు కావొచ్చు.

మన దేశంలో రీఫ్ కట్టే రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అత్యంత రక్షణ ఉన్న జాబితాలో చేర్చారు. మన్నార్ సింధుశాఖ కావొచ్చు, లక్షద్వీప్, అండమాన్, కచ్ కావొచ్చు, అక్కడి నుంచి తీయడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నేరం. షెడ్యూల్ 1 నేరానికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు ఉంది. అటవీశాఖవాళ్ళు వస్తే చూసేది మా హాలునే, మీ వెబ్‌సైట్‌ను కాదు. ఈ రాళ్ళు ఎక్కడివో, దిగుమతి చేసినవైతే ఆ కాగితాలేమిటో, సిమెంటుతో చేసిన కృత్రిమ రాళ్ళయితే ఆ మాటేమిటో మీరు లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వాలి. ఉచితమంటూ తెచ్చిన రెండు కోరల్ ముక్కలకూ కాగితాలు అడిగాను. కుర్రాడు ఫోన్ చూసుకున్నాడు, నేను వాటిని గుమ్మం దగ్గరే వెనక్కి పంపాను. క్లౌన్ ఫిష్‌లు హేచరీలో పుట్టినవని మీ పేజీలో రాశారు. మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వాటిని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు కాబట్టి అది నమ్మశక్యమైన మాటే. అయితే ఏ హేచరీవో బిల్లు చూపించడానికి ఇబ్బంది ఏముంది?

నేను అడుగుతున్నది ఇది. చేపలకు 7,500, సీసాకు 2,200, రాళ్ళకు 14,000, పోయని ఆర్ఓ నీళ్ళకు 3,000, మొత్తం 26,700 వెనక్కి ఇవ్వండి. మీ నీళ్ళు పారబోసి డీఐ నీళ్ళు, కొత్త ఉప్పు కొనడానికి నాకు మళ్ళీ 6,300 అయింది, ఆ బిల్లులూ పెడుతున్నాను. రెండూ కలిపి 33,000. రాళ్ళను మీ ఖర్చుతో తీసుకెళ్ళండి, తీసుకెళ్ళినట్టు రసీదు ఇవ్వండి. వేరే చేపలు పంపుతాం, కూపన్ ఇస్తాం అనే మాటలు వద్దు. ఆ 24 గంటల ప్రకటన పేజీ నుంచి తీసేయండి. ఇది నా సరదా కోసం అడగడం లేదు, మొదటిసారి ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాళ్ళు ఎక్కువగా దాన్ని చూసే కొంటున్నారు.

ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ షరతుల్లో వేరే ఊరి కోర్టుల పరిధి అని రాసుకున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. డెలివరీ అయిన రెండు గంటల్లో వీడియో తీస్తేనే వారంటీ అనే మీ నిబంధన కూడా ఇక్కడ పనికిరాదు. చేపలు ప్రాణాలతోనే వచ్చాయి, మీరు తయారుచేసిన నీళ్ళలో చచ్చాయి.

ఇంకొక్క మాట. ఈ సొమ్మును ఆ టెక్నీషియన్ జీతంలో కోయకండి. మర్యాదగా మాట్లాడాడు, ఎండలో నాలుగంతస్తులు అద్దం మోశాడు. అతనికి కిట్టూ ఇవ్వకుండా, నేర్పకుండా పంపింది మీరు. రాళ్ళు తీసుకెళ్ళడానికి ఎవరిని పంపినా సాయంత్రం ఆరు తర్వాత పంపండి, ముందుగా ఫోన్ చేయించండి. సీసాను, అందులో మిగిలిన ద్రవాన్ని సీలు వేసి ఉంచాను, ల్యాబ్ పరీక్షకు కావాలంటే ఇస్తాను. మీకు మాత్రం ఇవ్వను, ఫోటోలు చాలు.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(పేరు, ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు బిల్లు నకలులో ఉన్నాయి)

జతచేసినవి: బిల్లు నకలు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, ప్యాకేజీ పేజీ ప్రింటు, సీసా లేబుల్, టీడీఎస్, రిఫ్రాక్టోమీటర్, అమ్మోనియా టెస్టు, రాళ్ళ ఫోటోలు, తర్వాత కొన్న ఉప్పు, నీళ్ళ బిల్లులు.