నన్ను చేత్తో తిప్పకురా

చిన్నా,

మొన్న ఇందిరానగర్‌లో సల్సా సోషల్‌లో, అదే అందరూ కలిసి డాన్స్ చేసుకునే చోట, నీ క్రాస్ బాడీ లీడ్ (నువ్వు పక్కకి తప్పుకుని పార్ట్‌నర్‌ని నీ ముందు నుంచి అవతలికి నడిపించేది), దాంట్లో ఇన్‌సైడ్ టర్న్ (తను అలా దాటుతూనే ఎడమవైపుకి ఒక చుట్టు తిరిగేది) చూశా, ఇంటికొచ్చాక నాతో కూడా చేశావుగా, అప్పుడే చెప్దామంటే మీ నాన్నగారు భోజనానికి కేకేశారు, అందుకే రాస్తున్నా. ఒకటి నుంచి ఎనిమిది దాకా పెట్టే కౌంట్ నీకు బాగా పట్టుబడింది, పాట తప్పట్లేదు. ఇబ్బందల్లా చెయ్యి. నన్ను చేత్తో తిప్పుతున్నావురా. తిరిగేది ఫాలో, అంటే నీతో చేసే పార్ట్‌నర్, లీడర్‌వి నువ్వు దారిచ్చి ఎటో చూపిస్తే చాలు.

దారి మూడు మీదే ఇవ్వాలి. ఒకటికి ఎడమకాలు ముందుకి, రెండుకి బరువు మళ్ళీ కుడికాలి మీదకి, మూడుకి ఎడమపక్కకి తప్పుకుని ఒళ్ళంతా తిరగాలి, పాదం ఒక్కటే కాదు. నువ్వు సగమే తప్పుకుంటున్నావ్, దాంతో ఐదుకి నేను తిన్నగా నడవాల్సింది నీ భుజం చుట్టూ తిరిగి వెళ్ళాల్సొస్తోంది, అలా వంకరగా వెళ్తే టర్న్‌లో బ్యాలెన్స్ ఎక్కడ నిలుస్తుంది చెప్పు?

ఐదుకి నడవమని చెప్పేది నా వీపు మీదున్న నీ కుడిచెయ్యి. ఎడమచెయ్యి అంతకంటే ముందే, అడుగు పడని ఆ ఖాళీ నాలుగులో లేవాలి, నా నుదుటి ముందు నుంచి, తలకి కాస్త పైగా. నువ్వు ఆరుకి లేపుతున్నావ్, అప్పటికి నేను సగం దాటేశా, ఇంక లాగక ఏం చేస్తావ్, నా కుడిభుజం పట్టేసింది అందుకే. బొటనవేలు తీసెయ్, మిగతా వేళ్ళు వదులుగా వంచి ఉంచు, నా చెయ్యి అందులో తాడులో కవ్వం తిరిగినట్టు తిరగాలి.

నీ పార్ట్‌నర్ ముందే తిరిగేస్తోందన్నావు, ఆ పిల్లనేం అనకు. ప్రతిసారీ టర్నే ఇస్తుంటే అలవాటైపోతుంది కదా. మామూలు క్రాస్ బాడీ లీడ్‌లూ టర్న్ ఉన్నవీ కలిపేసి చెయ్, వరసలో వద్దు, ఏదొస్తుందో తనకి తెలీకూడదు, అప్పుడే నీ సిగ్నల్ కోసం ఆగుతుంది, నీ సిగ్నల్ అసలు అందుతోందో లేదో నీకూ తెలిసిపోతుంది. నాకైతే ఎన్ని ఫ్యాన్సీ ఫిగర్లు నేర్చుకున్నా ఇంతకంటే పనికొచ్చే ప్రాక్టీస్ కనపడలేదు.

మీ క్లాసులో ఆన్ వన్, అంటే బ్రేక్ (దిశ మార్చే అడుగు) ఒకటి మీద పడేది, కాబట్టి ఆ లెక్కలోనే రాశా. న్యూయార్క్‌లో ఎడ్డీ టోరెస్ అనే సల్సా టీచర్ బాగా ప్రచారంలోకి తెచ్చిన ఆన్ టూలో బ్రేక్ రెండు మీద పడుతుంది, అక్కడా లీడర్ దారి వదలాల్సిందే, కానీ రెండూ ఇప్పుడే కలపకు.

శనివారం రా. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సాయంత్రం బయల్దేరితే సిల్క్ బోర్డ్ దగ్గరే ఇరుక్కుంటావ్, మధ్యాహ్నమే వచ్చేయ్, సోఫా పక్కకి జరిపిస్తా, ముందు చెయ్యి పట్టుకోకుండా అరచేతికి అరచెయ్యి ఆనించి చేద్దాం. స్లో పాటలు ఒక నాలుగు ఫోన్‌లో వేసుకుని రా.

అమ్మ